గుంటూరు పోలీస్ కంప్యూటర్లు, ఒక పిచ్చి వెబ్ అడ్రస్, మీ ఫోన్‌లో గోడలు

ఈరోజు కథ 2017 మే నెలలో మొదలవుతుంది. ఆ మే నెలలో గుంటూరులో ఎవర్ని కదిలించినా మిర్చి ధర గురించే. రేటు పడిపోయింది, యార్డు నిండా టిక్కీలు. కేంద్రం క్వింటా 5,000 రూపాయలకి కొంటామని మే మొదట్లో ప్రకటిస్తే, అది ఏ మూలకొస్తుందని రైతులు. అలాంటి గొడవల మధ్య మే 13, శనివారం నాడు ఒక చిన్న వార్త వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్ శాఖలో కొన్ని కంప్యూటర్లు పనిచెయ్యడం లేదు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీస్ యూనిట్లు. స్క్రీన్ మీద ఎర్ర పెట్టె, దాంట్లో ఒక గడియారం వెనక్కి తిరుగుతోంది. "నీ ఫైళ్ళన్నీ తాళం వేశాం, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టు, మూడు రోజులు దాటితే డబుల్" అని దాని సారాంశం.

దాని పేరు వానాక్రై. మీలో చాలామంది అప్పటికి స్కూల్లో ఉండి ఉంటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మామూలుగా వైరస్ రావాలంటే మనం ఏదో ఒకటి నొక్కాలి. దీనికి అది కూడా అక్కర్లేదు. విండోస్‌లో కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి ఫైళ్ళు పంచుకునే దారిలో ఒక కన్నం ఉంది. ఆ కన్నాన్ని అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా తన దగ్గరే దాచుకుంది. ఆ పనిముట్టు పేరు ఎటర్నల్ బ్లూ. దొంగతనంగా బయటికొచ్చి, 2017 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లో పడింది. మైక్రోసాఫ్ట్ అంతకు ముందు నెలలోనే రిపేర్ ఇచ్చింది గానీ, అప్‌డేట్ కొట్టేవాళ్ళు ఎంతమంది చెప్పండి. సర్కారు ఆఫీసుల్లో పాత విండోస్ సంగతి మీకు నేను చెప్పాలా? అలా ఒక కంప్యూటర్‌లోకి దూరితే, పక్కదానికి, దాని పక్కదానికి, దానంతట అదే పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. 150 దేశాలు, 2 లక్షలకు పైగా కంప్యూటర్లు అని యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ లెక్క చెప్పింది.

గుంటూరు దాకా వచ్చిన ఈ మహమ్మారి ఎలా ఆగింది? ప్రభుత్వాలు ఆపలేదు. ఆపింది ఒక 22 ఏళ్ళ కుర్రాడు. పేరు మార్కస్ హచిన్స్. ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున చిన్న ఊరు, ఇల్‌ఫ్రాకూంబ్. అక్కడ ఇంట్లో కూర్చుని వైరస్‌లని విడదీసి చూడటం అతని ఉద్యోగం. మే 12 శుక్రవారం మధ్యాహ్నం వానాక్రై కాపీ ఒకటి సంపాదించి, దాన్ని తన దగ్గరున్న ఒక మూసిన గదిలాంటి కంప్యూటర్‌లో నడిపించాడు. నడిపిస్తే అది మొదట చేసిన పని ఫైళ్ళకి తాళం వెయ్యడం కాదు. ఒక వెబ్ అడ్రస్‌కి ఫోన్ కొట్టింది. ఎలాంటి అడ్రస్? చంటిపిల్లాడు కీబోర్డు మీద రెండు చేతులతో బాదితే ఎలా ఉంటుందో అలాంటి పొడుగాటి అక్షరాల గుంపు, చివర డాట్ కామ్. ఆ పేరు ఎవరూ కొనుక్కోలేదు, ఖాళీగా ఉంది. హచిన్స్ దాన్ని 10.69 డాలర్లు పెట్టి కొన్నాడు. మన డబ్బుల్లో అప్పటికి ఏడొందల లోపు. వైరస్ ఎంత దూరం పాకిందో లెక్కపెట్టడానికి ఇలాంటి అడ్రస్‌లు కొనడం వాళ్ళకి అలవాటే.

కొన్నాక తెలిసింది, వైరస్ ఆగిపోయిందని. ఆ అడ్రస్ నుంచి జవాబు వస్తే చాలు, వానాక్రై ఏమీ చెయ్యకుండా తనంతట తనే మూసుకుని వెళ్ళిపోతోంది.

ఎందుకలా? ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ప్రశ్న కోసమే.

దానికి జవాబు కావాలంటే ముందు ఆ "మూసిన గది" ఏంటో తెలియాలి. దాన్ని శాండ్‌బాక్స్ అంటారు. అక్షరాలా ఇసుక పెట్టె. పార్కుల్లో పిల్లల కోసం చెక్క చట్రం పెట్టి దాంట్లో ఇసుక పోస్తారు చూడండి, అది. లోపల ఎంతైనా తవ్వుకోండి, ఇసుక మాత్రం ఇంట్లోకి రాకూడదు. కంప్యూటర్‌లో కూడా అంతే. నమ్మకం లేని ప్రోగ్రామ్‌ని లోపల పెట్టి నడిపిస్తాం. అది అసలైన కంప్యూటరే అనుకుంటుంది. దానికి ఒక ఉత్తుత్తి డిస్కు కనపడుతుంది, ఉత్తుత్తి నెట్‌వర్క్ కనపడుతుంది. అది ఏం తెరిచింది, ఏం రాసింది, ఎవరికి ఫోన్ కొట్టింది అన్నీ మనం బయట నుంచి చూస్తుంటాం. పని అయిపోయాక పెట్టె మొత్తం తుడిచేస్తాం.

మన వైపు వాళ్ళకి ఇది కొత్త ఐడియా ఏం కాదు. పత్తి విత్తనం ప్యాకెట్ పైన బొమ్మ చూసి లోపల ఏముందో చెప్పలేం కదా. నకిలీ విత్తనం అని తెలిసేటప్పటికి చేను పూతకొస్తుంది, అప్పటికి పెట్టుబడి మొత్తం నల్లరేగట్లో కలిసిపోయి ఉంటుంది. అందుకే హైబ్రిడ్ పత్తి విత్తనానికి గ్రో అవుట్ టెస్ట్ అని ఒకటి చేస్తారు. లాట్‌లోంచి కొంచెం విత్తనం తీసి, వేరే చిన్న మడిలో మొలిపించి, మొక్కలు చెప్పిన రకంలానే ఉన్నాయా లేదా అని చూస్తారు. శాండ్‌బాక్స్ కూడా అలాంటి మడే. ఒక్క తేడా ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి: టెస్ట్ మడిలో ఉన్నానని విత్తనానికి తెలీదు. ప్రోగ్రామ్‌కి తెలియొచ్చు.

ఇప్పుడు వానాక్రై దగ్గరికి రండి. వైరస్‌లని పరీక్షించే శాండ్‌బాక్స్‌లకి ఒక అలవాటు ఉంది. లోపలున్న ప్రోగ్రామ్ ఏ అడ్రస్ అడిగినా "ఆ, ఉన్నాను, చెప్పు" అని ఒక దొంగ జవాబు ఇస్తాయి. జవాబు ఇవ్వకపోతే వైరస్ తర్వాత ఏం చేస్తుందో చూడలేం కదా, అందుకని. వైరస్ రాసేవాళ్ళు ఈ అలవాటు కనిపెట్టారు. అసలు లోకంలో లేని పిచ్చి అడ్రస్ ఒకటి అడుగుదాం. మామూలు కంప్యూటర్‌లో అయితే జవాబు రాదు. జవాబు వచ్చిందంటే మనం బోనులో ఉన్నట్టు. బోనులో ఉంటే బుద్ధిమంతుడిలా కూర్చుందాం, ఎవరికీ దొరకం. ఇదీ వాళ్ళ లెక్క.

హచిన్స్ ఆ అడ్రస్ కొనేసరికి ఏమైంది? ప్రపంచంలో ఏ మూల నుంచి అడిగినా జవాబు వస్తోంది. అంటే వానాక్రై దృష్టిలో ప్రపంచం మొత్తం ఒకే ఒక్క శాండ్‌బాక్స్ అయిపోయింది. ప్రతి కొత్త కాపీ "అయ్యో, బోనులో ఉన్నాం" అనుకుని మూసుకుంది.

ఇది హచిన్స్ ఆ మర్నాడు రాసిన వివరణ. ఇంకో వాదన కూడా ఉంది. చెయ్యి దాటిపోతే ఆపుకోవడానికి వైరస్ రాసినవాళ్ళే కావాలని పెట్టుకున్న స్విచ్ అది అని. నాకైతే మొదటిదే నమ్మబుద్ధవుతుంది. వాళ్ళకి స్విచ్చే కావాలంటే ఆ అడ్రస్ ముందే కొని తమ దగ్గర పెట్టుకునేవాళ్ళు, ఏడొందల రూపాయలకి ఎవరికి పడితే వాళ్ళకి దొరికేలా వదలరు. తెలివిగా రాసిన వైరస్‌లు ఇలా పరీక్షించేటప్పుడు ప్రతిసారీ కొత్త పిచ్చి పేరు పుట్టించి అడుగుతాయి, అప్పుడు కొనడానికి ఎవరి వల్లా కాదు. వీళ్ళు ఒకే పేరు రాసి పెట్టారు. బద్ధకం అనుకోండి, తొందర అనుకోండి.

ఇందులో ఒక విషాదం కూడా ఉంది. అప్పటికే తాళం పడ్డ ఫైళ్ళకి ఈ అడ్రస్ వల్ల ఒరిగిందేమీ లేదు. ఇంకోటి, కొన్ని ఆఫీసుల్లో జాగ్రత్త ఎక్కువై ఆ అడ్రస్‌నే బ్లాక్ చేశారు. బ్లాక్ చేస్తే జవాబు రాదు, జవాబు రాకపోతే వైరస్ పని మొదలుపెడుతుంది. బ్రిటన్ సైబర్ భద్రతా కేంద్రం ఆ అడ్రస్‌ని బ్లాక్ చెయ్యొద్దని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. గోడ కట్టడం ఒక్కటే సరిపోదు, ఏ గుమ్మం ఎందుకు తెరిచి ఉందో కూడా తెలియాలి.

హచిన్స్ ఆ తర్వాత ఏమయ్యాడని అడుగుతారు కదా. అదే ఏడాది ఆగస్టులో లాస్ వేగాస్‌లో ఎఫ్‌బీఐ అరెస్ట్ చేసింది. టీనేజ్‌లో క్రోనోస్ అనే బ్యాంకు డబ్బు కొట్టేసే వైరస్ రాయడంలో అతని చెయ్యి ఉందని కేసు. 2019లో నేరం ఒప్పుకున్నాడు. జడ్జి కొత్తగా జైలు శిక్ష వెయ్యకుండా వదిలేశారు. అతని కథ మీద వేరే ఎపిసోడ్ చెయ్యొచ్చు.

సరే, ఈ పెట్టె ఐడియా ఎప్పటిది? కొంచెం వెనక్కి వెళ్దాం. త్వరగానే వచ్చేద్దాం.

1972లో ఐబీఎం వీఎం/370 అని ఒకటి తెచ్చింది. ఒక పెద్ద కంప్యూటర్, గది అంత. దాన్ని చాలామంది వాడుకోవాలి. ప్రతి ఒక్కరికీ ఒక సొంత కంప్యూటర్ ఉన్నట్టు భ్రమ కల్పించింది. ఒకడి "కంప్యూటర్" కూలిపోయినా పక్కవాడిది నడుస్తూనే ఉంటుంది. అప్పట్లో దాని ఉద్దేశం ఎక్కువగా పొదుపు: ఖరీదైన మెషిన్‌ని పంచుకోవడం. మన ఊళ్ళల్లో ఒకే బోరు నీళ్ళని వంతులేసుకున్నట్టు. ఈరోజు మీరు వర్చువల్ మెషిన్ అని వినేదంతా ఆ వంశమే.

1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌లో చ్‌రూట్ అనే చిన్న ఆదేశం వచ్చింది. ఒక ప్రోగ్రామ్‌కి "ఈ ఫోల్డరే నీ ప్రపంచం, దీని పైన ఏమీ లేదు" అని చెప్పేది. దీంతో ఒక సరదా కథ ఉంది. 1991 జనవరిలో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో బిల్ చెస్విక్ అనే ఇంజనీర్‌కి, ఎవడో తమ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఫైల్ కోసం తలుపు తడుతున్నాడని తెలిసింది. తరిమెయ్యకుండా లోపలికి రానిచ్చాడు. మొదట్లో కంప్యూటర్ ఇచ్చే జవాబులన్నీ తనే చేత్తో టైప్ చేసి పంపాడు! కొన్నాళ్ళకి ఓపిక అయిపోయి, చ్‌రూట్‌తో ఒక ఉత్తుత్తి కంప్యూటర్ కట్టి, దానికి జైలు అని పేరు పెట్టి, వాడిని దాంట్లో వదిలాడు. నెలల తరబడి చూశాడు. నెదర్లాండ్స్ నుంచి వస్తున్నాడని తేలింది. తర్వాత దాని మీద ఒక పేపర్ రాశాడు, ఇప్పటికీ చదవబుద్ధవుతుంది.

శాండ్‌బాక్స్ అనే మాటని ఈ అర్థంలో 1993లో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళ పేపర్ ఒకటి వాడింది. నలుగురు రచయితలు: వాబె, లూకో, ఆండర్సన్, గ్రాహం. 1995లో జావా వచ్చింది. వెబ్ పేజీ తెరిస్తే దాంతో పాటు చిన్న ప్రోగ్రామ్ కూడా దిగి నడిచేది, దాన్ని ఆప్లెట్ అనేవాళ్ళు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోడ్ మన కంప్యూటర్‌లో రోజూ నడవడం మామూలు జనానికి అప్పుడే మొదలైంది. అందుకే జావావాళ్ళు శాండ్‌బాక్స్‌ని గొప్పగా చెప్పుకున్నారు. ఏడాది తిరక్కుండానే ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్ళు దాంట్లో కన్నాలు చూపించారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇదే ఆట. ఒకళ్ళు గోడ కట్టడం, ఇంకొకళ్ళు కన్నం వెయ్యడం.

2008కి రండి. ఆ ఏడాది రెండు జరిగాయి. సెప్టెంబర్‌లో క్రోమ్ బ్రౌజర్, అక్టోబర్‌లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్. రెండూ శాండ్‌బాక్స్ మీదే కట్టినవి. ఆండ్రాయిడ్ లోపల ఉండేది లైనక్స్. లైనక్స్‌లో ఒకే కంప్యూటర్‌ని పదిమంది వాడితే, ఒకరి ఫైళ్ళు ఇంకొకరికి కనపడకుండా ఒక్కొక్కరికీ ఒక నంబర్ ఇస్తుంది. గూగుల్ వాళ్ళు ఏం చేశారంటే, మనుషులకి ఇచ్చే నంబర్ యాప్‌లకి ఇచ్చారు. మీ ఫోన్‌లో ప్రతి యాప్ లైనక్స్ దృష్టిలో ఒక వేరే మనిషి. ఫోన్‌పే ఒకడు, ఇన్‌స్టాగ్రామ్ ఇంకొకడు, లూడో ఇంకొకడు. ఒకే కాంపౌండ్‌లో అద్దెకున్న వేరే వేరే కుటుంబాలు. ఒకళ్ళ బీరువా తాళం ఇంకొకళ్ళ దగ్గర ఉండదు. లూడో యాప్ ఎంత చెడ్డదైనా, మీ బ్యాంకు యాప్ లోపలి ఫైల్ తెరవలేదు.

అంటే మీరిప్పుడు ఈ వీడియో చూస్తున్న, లేదా ఇది చదువుతున్న ఫోన్‌లోనే పదుల సంఖ్యలో ఇసుక పెట్టెలు ఉన్నాయి. 1972లో గది అంత మెషిన్‌లో ఉన్నది ఇప్పుడు మీ జేబులో.

మరి ఇంత గట్టి గోడలుంటే, రోజూ పేపర్లో "లింక్ నొక్కితే లక్ష మాయం" అని ఎందుకొస్తుంది?

దీనికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. మా పెదనాన్న పర్చూరు వైపు ఉంటారు. జిల్లాలు విడగొట్టాక అది బాపట్లలోకి వెళ్ళింది గానీ ఆయన ఇప్పటికీ ప్రకాశం జిల్లా అనే చెప్తారు. మూడెకరాల మిర్చి, రెండెకరాల పత్తి. కాయలు అమ్మి డబ్బులు ఎకౌంట్లో పడ్డ వారం అది. ఆ డబ్బే మళ్ళీ పురుగుమందుల కొట్టు బాకీకి, కౌలుకి, మా అక్క కాలేజీ ఫీజుకి వెళ్ళాలి. ఫోన్ చేశారు.

"ఏరా అబ్బాయ్, బండికి చలానా పడిందంట. వాట్సాప్‌లో పంపారు. ఇది నొక్కితే ఫోటో కనపడుద్దంట, నొక్కమంటావా?"

"నొక్కమాకు పెదనాన్నా. ముందు అది నాకు పంపు."

"నేను ఆ రోజు గుంటూరే వెళ్ళలేదురా, చలానా ఎట్టా పడుద్ది?"

"అందుకే నొక్కమాకు అంటున్నా."

ఆ వచ్చింది ఒక ఏపీకే ఫైల్. ఏపీకే అంటే ఆంధ్రప్రదేశ్‌కే అని కాదండోయ్, ఆండ్రాయిడ్ యాప్ ప్యాకెట్. పీఎం కిసాన్ పేరుతో, చలానా పేరుతో, పెళ్ళి పత్రిక పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో తిరుగుతున్నవి ఇవే. వీటి గురించి పోలీసులు ఎన్నిసార్లు హెచ్చరించారో లెక్కలేదు.

ఆ ఫైల్‌ని నేను నా ఫోన్‌లో తెరవలేదు. ల్యాప్‌టాప్‌లో, యాప్‌లు తయారుచేసేవాళ్ళు వాడే ఎమ్యులేటర్ అని ఒకటి ఉంటుంది. కంప్యూటర్ లోపల నడిచే ఒక ఉత్తుత్తి ఆండ్రాయిడ్ ఫోన్. దాంట్లో సిమ్ లేదు, నా గూగుల్ ఎకౌంట్ లేదు, ఇంటర్నెట్ కట్. ఆ ల్యాప్‌టాప్ కూడా పాతది, దాంట్లో నాకు సంబంధించింది ఏమీ లేదు. అక్కడ ఇన్‌స్టాల్ చేసి చూశాను.

తెరవగానే ప్రభుత్వ యాప్ లోగోలాంటి బొమ్మ. వెంటనే ఒక ప్రశ్న: మీ ఎస్ఎంఎస్‌లు చదవడానికి, పంపడానికి అనుమతి ఇస్తారా? నేను వద్దు అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. మళ్ళీ. మొండి అప్పులవాడిలా గుమ్మంలో కూర్చుంది. సరే అని ఒప్పుకుంటే, అప్పుడు ఒక పేజీ: చలానా చూడటానికి 1 రూపాయి కట్టండి, కార్డు వివరాలు ఇవ్వండి. ఈలోపు మెనూలోంచి దాని గుర్తు మాయమైంది. యాప్ ఉంది, కానీ కనపడదు.

ఎమ్యులేటర్‌లో ఒక సౌకర్యం ఉంది. మనమే దానికి దొంగ ఎస్ఎంఎస్ పంపొచ్చు. "మీ ఓటీపీ 123456" అని ఒకటి పంపాను. క్షణంలో ఆ యాప్ దాన్ని ఎత్తుకుని బయట ఎవరికో పంపబోయింది. నెట్ లేదు కాబట్టి పంపలేక, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి ఫెయిల్ అవుతున్నట్టు లాగ్‌లో వరుసగా పడింది. పెదనాన్న ఫోన్‌లో అయితే నెట్ ఉండేది.

ఇక్కడ గమనించండి. ఈ యాప్ ఏ గోడకీ కన్నం వెయ్యలేదు. ఎటర్నల్ బ్లూ లాంటి ఆయుధం ఏదీ లేదు దీని దగ్గర. బ్యాంకు యాప్ పెట్టెలోకి తొంగి కూడా చూడలేదు. ఉన్న గుమ్మం దగ్గర నిలబడి, తాళం మననే అడిగింది. ఎస్ఎంఎస్‌లు అనేవి ఏ ఒక్క యాప్ పెట్టెలోనూ ఉండవు, అవి కాంపౌండ్ మొత్తానికి ఉమ్మడిగా ఉన్న పోస్టు డబ్బా లాంటివి. ఆ డబ్బాలోకే మన బ్యాంకులన్నీ ఓటీపీలు వేస్తున్నాయి. డబ్బా తాళం చేతికిస్తే బీరువా పగలగొట్టే పనేముంది?

గూగుల్‌కి ఇది తెలియక కాదు. 2015లో ఆండ్రాయిడ్ 6 నుంచి, ప్రమాదకరమైన అనుమతుల్ని వాడే సమయంలో అడగాలన్నారు. 2017లో ఆండ్రాయిడ్ 8 నుంచి, బయటి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే హక్కుని ఫోన్ మొత్తానికి కాకుండా విడివిడిగా ఇవ్వాలన్నారు. వాట్సాప్ నుంచి ఏపీకే ఎక్కించబోతే "ఈ సోర్స్‌ని అనుమతించాలా" అని వచ్చేది అదే. 2018 అక్టోబర్‌లో, ఎస్ఎంఎస్ చదివే హక్కు అడిగే యాప్‌ల మీద ప్లే స్టోర్‌లో గట్టి ఆంక్షలు పెట్టారు. దొంగ చలానా ప్లే స్టోర్‌లో కాకుండా వాట్సాప్‌లో తిరగడానికి ఇదొక పెద్ద కారణం అని నా అభిప్రాయం. 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చాక, బయట నుంచి ఎక్కించిన యాప్‌లకి యాక్సెసిబిలిటీ హక్కు తేలిగ్గా దొరక్కుండా చేశారు. ఆ హక్కు ఇంకా ప్రమాదం. చూపు లేనివాళ్ళ కోసం పెట్టింది అది, స్క్రీన్ మీదున్నది చదవగలదు, మన బదులు నొక్కగలదు. 2024 అక్టోబర్‌లో, ఇలాంటి హక్కులు అడిగే బయటి యాప్‌ల ఇన్‌స్టాల్‌నే ఆపేసే పైలట్‌ని ఇండియాలో ప్రకటించారు.

ఇన్ని చేసినా ప్రతి చోటా చివర్లో ఒక బటన్ మిగిలే ఉంటుంది, అలౌ అని. దాన్ని పూర్తిగా తీసేస్తే మన ఫోన్ మనది కాకుండా పోతుంది, అది కూడా నాకు ఇష్టం లేదు. నాకు నచ్చిన యాప్‌ని ఏ కంపెనీ దయ లేకుండా ఎక్కించుకునే స్వేచ్ఛ ఉండాలి. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడ గియ్యాలి అనేది ఇంకా ఎవరూ తేల్చలేదు. ఎమ్యులేటర్‌లో ఆ యాప్ అడిగిన ప్రశ్న మాత్రం ఇంగ్లీషులో ఉంది, పెదనాన్నకి ఇంగ్లీషు రాదు.

మీలో కొందరికి "మేం కూడా అలా పెట్టెలో వేసి చూస్తాం" అనిపిస్తుంది. కంప్యూటర్ ఉన్నవాళ్ళు విండోస్ ప్రో వెర్షన్‌లో విండోస్ శాండ్‌బాక్స్ వాడొచ్చు. 2019 నుంచి ఉంది, ఉచితమే, ఆన్ చేసుకోవాలి. హోమ్ వెర్షన్‌లో రాదు. మూసెయ్యగానే లోపలిదంతా పోతుంది. లేదా వర్చువల్‌బాక్స్ లాంటిది. కానీ ఎంత మంచి పెట్టె అయినా మీరే కన్నాలు పెట్టుకోవచ్చు: బయటి ఫోల్డర్‌ని లోపలికి షేర్ చేస్తే అదొక కన్నం, కాపీ పేస్ట్ కలిపితే అదొకటి, లోపల మీ ఈమెయిల్‌తో లాగిన్ అయితే ఇంక పెట్టె ఎందుకు? ఇంట్లో వైఫైకి కలిపి ఉంచితే, వానాక్రై లాంటిది పక్క కంప్యూటర్ తలుపు తట్టగలదు. అసలు పెట్టె గోడకే కన్నం వేసే వైరస్‌లు కూడా ఉన్నాయి, అరుదే గానీ ఉన్నాయి. నిజంగా అవసరం లేకపోతే, డిలీట్ చెయ్యడమే సుఖం. ఫోన్‌లో మాత్రం ప్రయోగాలు వద్దు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ చలానా ఫైల్ తర్వాత కొన్ని వారాలకి ఒక పెళ్ళి పత్రిక ఏపీకే వచ్చింది మా వైపు గ్రూపుల్లో. దాన్ని కూడా అలాగే ఎమ్యులేటర్‌లో వేశాను. తెల్ల స్క్రీన్. ఏమీ అడగలేదు, ఏమీ చెయ్యలేదు. మంచిదేనా అప్పుడు? అలా అనుకోవడానికి లేదు. ఎమ్యులేటర్‌ని గుర్తుపట్టడం చాలా తేలిక. సిమ్ లేదు, బ్యాటరీ ఎప్పుడూ ఒకే శాతం, ఫోన్ కదలదు, హార్డ్‌వేర్ పేరు దగ్గర గోల్డ్‌ఫిష్ లాంటి మాట ఉంటుంది, అది గూగుల్ వాళ్ళు ఎమ్యులేటర్‌కి పెట్టుకున్న పాత పేరు. ఇవి చూసి బుద్ధిమంతుడిలా కూర్చునే యాప్‌లు బోలెడు. వానాక్రై వేసిన లెక్కే, ఇంకొంచెం తెలివిగా. కాబట్టి పెట్టెలో దొరికిందంటే దొంగ అని చెప్పొచ్చు, దొరకలేదంటే మాత్రం దొర అని చెప్పలేం. పెళ్ళి పత్రికకి యాప్ ఎందుకు అనే ప్రశ్నకి ఏ శాండ్‌బాక్సూ అక్కర్లేదు అనుకోండి.

ఎవరైనా ఇప్పటికే నొక్కేసి ఉంటే: ఫోన్‌ని వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఇంకొకరి ఫోన్ నుంచి మీ బ్యాంకుకి చేసి ఎకౌంట్, కార్డు ఆపించండి. తర్వాత 1930కి చెయ్యండి, అది సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబర్. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. యాప్ గుర్తు మెనూలో కనపడకపోయినా సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో వెతకండి, తీసెయ్యండి. కార్డు, పిన్, పాస్‌వర్డ్ మార్చేది వేరే ఫోన్ నుంచి మాత్రమే. ఆ ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే మళ్ళీ బ్యాంకు యాప్ ఎక్కించండి. "ఈ వయసులో మోసపోయావా" అని ఇంట్లో పెద్దవాళ్ళని తిట్టకండి. తిడతారనే భయంతోనే చాలామంది రెండు రోజులు చెప్పకుండా దాచుకుంటున్నారు, ఆ రెండు రోజులే దొంగకి కావాల్సింది.

మా పెదనాన్న ఫోన్‌లో ఇప్పుడు వాట్సాప్‌కి "తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చెయ్యడం" అనే హక్కు ఆఫ్‌లో ఉంది. సెట్టింగ్స్‌లో అదే పేరుతో వెతికితే దొరుకుతుంది, ఇంగ్లీషులో అయితే ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్, మూడింటి దగ్గరా చూడాలి. అరనిమిషం పని. ఈ ఎపిసోడ్ ఇక్కడ ఆపి, ముందు మీ అమ్మగారి ఫోన్, నాన్నగారి ఫోన్ తీసుకోండి. వచ్చేవారం హచిన్స్ కథ, లాస్ వేగాస్ అరెస్ట్ దగ్గర నుంచి. ఉంటానండీ, నమస్తే.